సీలియాక్ ఉన్న పాపతో క్రూజ్: షిప్ వంటను నమ్మొచ్చా?

హ్యూస్టన్ అమ్మ:

అందరికీ నమస్కారం. మా పాపకు తొమ్మిదేళ్లు. రెండేళ్ల క్రితం సీలియాక్ అని తేలింది, అంటే గోధుమలాంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు. రక్తపరీక్షలో ఈ జబ్బును సూచించే టీటీజీ బాగా ఎక్కువ వచ్చింది, తర్వాత ఎండోస్కోపీ చేసి ఖాయం చేశారు. అప్పటినుంచి మా ఇంట్లో గోధుమపిండి, మైదా, బొంబాయి రవ్వ ఏవీ లేవు. ఇప్పుడు బాగుంది, బరువు పెరిగింది, రోజూ వచ్చే కడుపునొప్పి పోయింది.

డిసెంబర్ సెలవులకు మా ఆడపడుచు వాళ్లూ మేమూ కలిసి గాల్వెస్టన్ నుంచి వారం రోజుల క్రూజ్ అనుకుంటున్నాం, హోండురాస్‌లోని రోటన్, మెక్సికోలోని కోస్టా మాయా, కొజుమెల్ రేవుల్లో ఆగుతుంది. మావారు "వాళ్లకు ఇవన్నీ మామూలే, ఏ తిండి పడదో ఫారం నింపితే చాలు" అంటున్నారు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. ఏడు రోజులంటే ఇరవై ఒక్క పూటలు, ఏదైనా తేడా వస్తే కారెక్కి ఇంటికి వచ్చేసే దారి లేదు. పైగా కంపెనీ కాగితాల్లోనే, మా వంటగదుల్లో గోధుమ వాడతాం కాబట్టి పూర్తి హామీ ఇవ్వలేం అని రాసి ఉంది. హామీ ఇవ్వలేమని ముందే చెప్పినవాళ్ల వంట పిల్లకు పెట్టొచ్చా? వెళ్లొచ్చినవాళ్లూ, వద్దనుకుని మానేసినవాళ్లూ దయచేసి చెప్పండి.

నాలుగు క్రూజ్‌లు:

తప్పకుండా వెళ్లండి. మా ఆవిడకు సీలియాక్ అని తెలిసి పదకొండేళ్లు, ఆ తర్వాత నాలుగుసార్లు వెళ్లాం, ఒక్కసారి కూడా జబ్బుపడలేదు. కానీ ఫారం నింపితే చాలు అన్న మీవారి మాట మాత్రం ఒప్పుకోను, ఎందుకంటే ఫారం ఆఫీసుకు వెళ్తుంది, అన్నం పెట్టేది షిప్‌లో ఉన్న మనిషి. ఎక్కిన రోజు అందరూ బఫేకి పరుగెత్తుతుంటే మేం నేరుగా పెద్ద డైనింగ్ హాలుకి వెళ్లి హెడ్ వెయిటర్‌ని అడిగి కలుస్తాం. డిన్నర్‌కి రోజూ ఒకే టైము, ఒకే టేబుల్ ఉండే పద్ధతి తీసుకోండి, అప్పుడు వారమంతా ఒకే వెయిటర్ ఉంటాడు, మూడో రోజుకి మీ పాప ఏం తింటుందో అతనికే తెలుస్తుంది. ప్రతి రాత్రి భోజనం అయ్యాక మరుసటి రోజు మెనూ తెచ్చి చూపిస్తారు. అందులోంచి ఎంచుకుంటే ఏ సూప్‌లో మైదా ఉంది, ఏ సాస్ మార్చాలి అని ముందే లోపల చెప్పి విడిగా చేయిస్తారు.

పొద్దున టిఫిన్ కూడా అక్కడే తినండి. బఫేలో టోస్టర్ అందరిదీ ఒకటే, గరిటెలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వెళ్తూనే ఉంటాయి. కొలను పక్కన ఇచ్చే ఫ్రెంచ్ ఫ్రైస్ చూడటానికి బంగాళాదుంపే, కానీ అదే నూనెలో పిండి పూసిన చికెన్ వేయించి ఉంటారు. వాటికి వేరే ఫ్రయర్ ఉందా అని అడగకుండా ఒక్కటి కూడా నోట్లో పెట్టనివ్వకండి.

ఇక వెళ్దాం అనను:

నేను వద్దనే చెబుతాను, నా మాట కొంచెం కఠినంగా ఉన్నా చదవండి. మా అబ్బాయికి పద్నాలుగేళ్లు, సీలియాక్. పైన చెప్పినవన్నీ చేశాం. ఫారం, హెడ్ వెయిటర్, ముందురోజు మెనూ, బఫే బంద్, అన్నీ. మూడో రోజు సాయంత్రం వంటవాళ్లలో మనవాళ్లున్నారని తెలిసింది. వాళ్లు ఎంతో ఆప్యాయంగా "బాబు రోజూ ఆ ఉడికిన కూరలేం తింటాడు, మేం పప్పూ అన్నం చేసిపెడతాం" అన్నారు. పప్పు, ఆలూ కూర, అన్నం, పెరుగు. వాడి మొహం ఎంత వెలిగిపోయిందో చెప్పలేను. గంటన్నరకి వాంతులు మొదలయ్యాయి. తర్వాతి రెండు రోజులు కేబిన్‌లోనే ఉన్నాం. షిప్ డాక్టర్ నీళ్లు, ఉప్పుచక్కెర ద్రావణం ఇచ్చారు, అంతకు మించి ఎవరూ చేయగలిగేది లేదు.

మరునాడు మావారు వంటగది దాకా వెళ్లి బతిమాలితే ఇంగువ డబ్బా చూపించారు. వెనక రాసి ఉంది: గోధుమపిండి. పప్పు పోపులో వేసిన చిటికెడు ఇంగువ! మా ఇంట్లో నేను బియ్యప్పిండితో కలిపినదే కొంటాను, అక్కడ అడగాలని నాకు తట్టలేదు. కన్నతల్లికే తట్టనిది నలభై రకాలు వండే మనిషికి తడుతుందని ఎలా నమ్మను?

నాలుగు క్రూజ్‌లు:

బాబుకి అలా జరగడం చాలా బాధగా ఉందండీ. అయితే ఒక్క మాట, షిప్‌లో వాంతులంటే నోరో వైరస్ కూడా కావొచ్చు కదా, అది క్రూజ్‌లలో తరచూ వచ్చేదే. ఇంగువే అని ఎలా అనుకున్నారు? ఇంగువే అయినా ఆ రోజు మెనూలో లేనిది, అప్పటికప్పుడు చేయించుకున్నది తిన్నారు. పద్ధతి తప్పినచోటే దెబ్బ తగిలింది, పద్ధతి వల్ల కాదు.

ఇక వెళ్దాం అనను:

అంటే తప్పు నాదే అంటారు. సరే, ఒప్పుకుంటాను, ఆ రాత్రి నుంచి నేను అదే అనుకుంటున్నాను. కానీ మేం ఐదుగురం ఒకే టేబుల్ మీద తిన్నాం, అందరికీ అదే పప్పు, జబ్బుపడింది వాడొక్కడే. వైరస్ అయితే మిగతా నలుగురిలో ఒక్కరికైనా రావాలి కదా. నేను చెప్పేది ఇదే. ఇంట్లో పొరపాటు జరిగితే మన మంచం, మన డాక్టర్, మన గంజి ఉంటాయి. అక్కడ ఒక్క పొరపాటు సెలవంతా తినేస్తుంది.

హైదరాబాద్ డైటీషియన్:

ఇద్దరూ చెప్పినదాంట్లో నిజముంది, కొన్ని లెక్కలు చెబితే నిర్ణయం తేలికవుతుందని రాస్తున్నాను.

ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని వేయాలంటే అందులో గ్లూటెన్ 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) లోపే ఉండాలి. అమెరికాలో ఆహారం, మందులు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో ఈ నిబంధన పెట్టింది, మన దేశపు ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లెక్క కూడా కిలోకి 20 మిల్లీగ్రాములే. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో రోజూ 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు తీసుకున్నవాళ్ల పేగు గోడ దెబ్బతింది. అందుకే రోజుకి 10 మిల్లీగ్రాముల లోపు ఉండేలా చూసుకోమంటాం. ఒక బ్రెడ్ ముక్కలో సుమారు 2 గ్రాముల గ్లూటెన్ ఉంటుంది, అంటే ఆ ముక్కలో రెండొందలో వంతు చాలు ఆ హద్దు చేరడానికి. టోస్టర్‌లో రాలిన పొడి, పాస్తా తీసిన గరిటె అంటే మేం ఎందుకు అంత భయపడతామో ఇప్పుడు అర్థమవుతుంది. వేడికి గ్లూటెన్ పోదు, మరిగే నూనెలోనూ పోదు. షిప్‌లో ప్రతి మూలా పెట్టే శానిటైజర్ రాసుకుంటే చేతికంటిన పిండి కూడా పోదు, సబ్బూ నీళ్లూ కావాలి.

హామీ ఇవ్వలేం అని రాసినందుకే వంట మంచిది కాదని అనుకోనక్కర్లేదు. గోధుమ వాడే ఏ వంటగదికీ నిజాయితీగా అంతకు మించి రాయడం కుదరదు, మీ ఊళ్లో పాప తినే హోటల్ అయినా అంతే. అడగాల్సింది వేరే ఉంది: విడి గిన్నె, విడి నీళ్లు, విడి నూనె వాడతారా అని.

బాబు విషయంలో, ఒక్కసారి తిన్నది తర్వాత చేసే టీటీజీ పరీక్షలో కనిపించకపోవచ్చు, కాబట్టి ఆ దారిన తేల్చలేం. డబ్బా మీద గోధుమ అని ఉన్నప్పుడు ఆ తల్లి అనుమానం న్యాయమైనదే. మన వంటలే మనకు సురక్షితం అనే నమ్మకమే ఇక్కడ పెద్ద ప్రమాదం. ఇడ్లీ, దోసె, పెసరట్టు, జొన్నరొట్టె సహజంగా గ్లూటెన్ లేనివే. కానీ పిండి కలిపిన కట్టు ఇంగువ, పచ్చళ్లలో అదే ఇంగువ, కూర చిక్కబడటానికి వేసే మైదా, రవ్వదోసె, ఒకే పెనం మీద కాల్చిన చపాతీ, ఇవన్నీ ఇండియన్ స్పెషల్ అన్న ఒక్క మాటలో దాక్కుంటాయి.

జొన్నరొట్టె:

నేను వేరే కోణం చెప్తాను, తిట్టకండి. నాకు సీలియాక్ లేదు, పరీక్ష చేయించుకున్నాను. గోధుమ మానేస్తే కడుపు ఉబ్బరం తగ్గింది, అందుకని మానేశాను. షిప్‌లో గ్లూటెన్ ఫ్రీ అని చెప్పి హాయిగా బఫేలోనే తిన్నాను. మాలాంటివాళ్లు అడగబట్టే ఇవాళ ప్రతి మెనూలో ఆ గుర్తు వచ్చింది, ఆ లాభం మీ పిల్లలకీ అందుతోంది. ఇంత టెన్షన్ పెట్టుకుంటే ఆ పాప ఎప్పటికీ నలుగురితో కూర్చుని తినలేదేమో.

ఇక వెళ్దాం అనను:

మెనూలో గుర్తు వచ్చింది, నిజమే. కానీ గ్లూటెన్ ఫ్రీ అని చెప్పిన మనిషే చివర్లో కేక్ ముక్క తింటుంటే ఆ వెయిటర్ ఏమనుకుంటాడు? తర్వాత నా కొడుకు అదే మాట చెబితే వీడిదీ ఇష్టాయిష్టాలే అనుకుంటాడు. మీరు కేక్ తిన్నారని అనడం లేదండీ, తినేవాళ్లను నేను చూశాను.

హైదరాబాద్ డైటీషియన్:

జొన్నరొట్టె గారూ, మీకు కడుపు తేలికైంది అంటే నమ్ముతాను, సీలియాక్ లేకుండానే గోధుమ పడనివాళ్లున్నారు. ఒక్కటే కోరతాను. వెయిటర్‌తో "నాకు సీలియాక్ లేదు, కాస్త తగిలినా ఫర్వాలేదు" అని ఆ రెండో మాట కూడా చెప్పండి. హ్యూస్టన్ అమ్మ గారు దీనికి పూర్తి భిన్నంగా చెప్పాలి, గ్లూటెన్ ఫ్రీ అన్న మాటతో ఆగకుండా "సీలియాక్, పొడి తగిలినా జబ్బుపడుతుంది" అనాలి. ఇది ఫ్యాషన్‌తో పుట్టినది కాదు. రెండో ప్రపంచయుద్ధం చివర్లో నెదర్లాండ్స్‌లో రొట్టె దొరకని రోజుల్లో ఈ జబ్బున్న పిల్లలు కోలుకోవడం, రొట్టె మళ్లీ వచ్చాక పడిపోవడం విలెమ్ డికె అనే పిల్లల డాక్టర్ గమనించారు, గోధుమే కారణమన్న అనుమానం దాంతో బలపడింది, తర్వాతి పరీక్షల్లో అదే తేలింది.

బీచ్ రోడ్:

వైజాగ్ నుంచి. 2023లో ఇక్కడ క్రూజ్ టెర్మినల్ తెరిచారు కాబట్టి ఈ ప్రశ్న మా ఇళ్లలోకీ వస్తోంది. మా చెల్లెలికి ఈ జబ్బుంది, పెళ్లిళ్లలో అయితే ప్రతిసారీ అదే గొడవ, "కొంచెం తింటే ఏమవుతుందమ్మా" అంటారు. పెద్దవాళ్లను తప్పుపట్టలేను. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో ఉత్తర భారతంలో సీలియాక్ 1.23 శాతం ఉంటే దక్షిణాదిలో 0.10 శాతమే కనిపించింది, మనవాళ్లు చాలామంది ఆ పేరే విని ఉండరు. అందుకే షిప్‌లో మన దేశపు వంటవాళ్లుంటే ఇంగ్లిష్ పదం చెప్పి ఊరుకోవద్దు. మా చెల్లెలు ఒక కార్డు మీద హిందీలో ఆటా, మైదా, సూజీ, దలియా, హింగ్ అని వరసగా రాసి ఇస్తుంది. ఆ చివరి పేరు చూశాకే చాలామంది ఆగి మళ్లీ చదువుతారట.

కాట్రగడ్డ కోడలు:

ఇంత కష్టం ఎందుకు, చిన్న రైస్ కుక్కర్ సూట్‌కేస్‌లో పెట్టుకెళ్లండి అక్కా. కేబిన్‌లో ప్లగ్ ఉంటుంది, అన్నం వండి ఆవకాయ వేసి పెట్టేయండి.

నాలుగు క్రూజ్‌లు:

దయచేసి ఆ పని చేయకండి. కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె లాంటివి కేబిన్‌లోకి రానివ్వరు, సామాను స్కాన్ చేసేటప్పుడే తీసి పక్కన పెట్టేస్తారు. సముద్రం మధ్యలో నిప్పంటే వాళ్లకు మరే ప్రమాదమూ దాని ముందు లెక్కలోకి రాదు, అది న్యాయమే. ఇంట్లో వండిన పులిహోర కూడా ఎక్కనివ్వరు. సీలు తీయని ప్యాకెట్లు మామూలుగా ఒప్పుకుంటారు, గ్లూటెన్ ఫ్రీ బిస్కెట్లు, బార్లు, అటుకుల మిక్స్ లాంటివి. వేడినీళ్లు పోస్తే అయ్యే ఉప్మా ప్యాకెట్ తీసుకుంటే అది రవ్వ అని గుర్తుంచుకోండి, ఒకసారి మేమే తొందరలో సంచిలో వేసుకుని ఇంటి గుమ్మం దగ్గర తీసేశాం. ఇంకోటి, షిప్‌లోని అరటిపండ్లు, ఆపిల్స్ బ్యాగులో వేసుకుని రేవులో దిగకూడదు, అక్కడ తనిఖీ ఉంటుంది. సీలున్న ప్యాకెట్లే పట్టుకెళ్లండి. కొజుమెల్‌లో మొక్కజొన్న టోర్టియా దొరుకుతుంది, అందులో గోధుమ లేదు, కానీ అదే పెనం మీద మైదా టోర్టియా కూడా కాలుస్తుంటే మా ఆవిడ తినదు.

హ్యూస్టన్ అమ్మ:

అందరూ ఇంత ఓపికగా రాసినందుకు కళ్లు చెమర్చాయి. నిన్న రాత్రి మావారికి మొత్తం చదివి వినిపించాను. ఇంగువ దగ్గర ఆయన చదవడం ఆపమని, లేచి వెళ్లి మా డబ్బా తెచ్చి వెనక చూశారు. మాది బియ్యప్పిండిదే.

వెళ్దామనే అనుకున్నాం. మొదటి టైము డిన్నర్, ఒకే టేబుల్. ఏడు రోజులూ బఫే లేదు, మా ఆడపడుచు పిల్లలు కూడా పాపతోపాటు డైనింగ్ హాల్లోనే టిఫిన్ తింటామన్నారు, అది వాళ్లంతట వాళ్లే అన్నారు. మన వంటలు అక్కడ చేయించుకోం, ఎంత ప్రేమగా అడిగినా సరే. "ఇక వెళ్దాం అనను" గారూ, ఈ ఒక్క నిర్ణయం మీవల్లే, మీ అబ్బాయి పడిన బాధ ఇక్కడ రాసినందుకు మీకు రుణపడి ఉంటాను.

ఒక సందేహం మిగిలింది. షిప్‌లో పిల్లల క్లబ్ ఉంటుందట, మధ్యాహ్నం పూట అక్కడ వదులుదామనుకున్నాం. తినడానికి ఏమీ ఇవ్వొద్దని చెప్పగలను, కానీ పిల్లలు బొమ్మలు చేసి ఆడుకునే మెత్తటి రంగు ముద్ద, ప్లే-డోలో గోధుమ ఉంటుందని బడిలో తెలిసింది, అది తాకిన చేతులు నోట్లో పెట్టుకుంటే కష్టం. క్లబ్ వాళ్లకు దీని గురించి ఎవరైనా ముందే చెప్పి చూశారా? ఎక్కిన రోజే చెప్పాలా, ఫారంలోనే రాయాలా?

ఇక వెళ్దాం అనను:

రెండుచోట్లా చెప్పండి. పాపకు కూడా చెప్పండి, తొమ్మిదేళ్లంటే తనే అడగగలదు. అది ముట్టుకుంటే క్లబ్‌లోంచి బయటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోమనండి. వెళ్లొచ్చాక ఎలా జరిగిందో ఇక్కడ రాయండి, మా వాడికి చూపిస్తాను.