పుప్పొడి నాళం కొస దగ్గర మాత్రమే ఎందుకు పెరుగుతుంది?

కణం లోపలి నీటి ఒత్తిడి అన్ని వైపులా సమానమే కదా, మరి పుప్పొడి రేణువు నుంచి మొలిచే ఈ నాళం బుడగలా ఉబ్బకుండా గొట్టంలా ఒకే దిక్కుకి ఎలా సాగుతుంది? పుస్తకంలో ఒక్క వాక్యంతో సరిపెట్టేశారు.

జవాబు 1:
ఒత్తిడి సమానమే, గోడ మాత్రం సమానం కాదు. కొసన మెత్తగా, పక్కల గట్టిగా ఉంటుంది. కొసన గోడకి లోపలి వైపు ఉండే కణపొరకి అతుక్కుని ఆర్‌ఓపీ అనే చిన్న స్విచ్ ప్రోటీన్లు ఉంటాయి, అవి ఆన్ అయిన చోటికే ఆక్టిన్ అనే సన్నని ప్రోటీన్ పోగుల సాయంతో చిన్న చిన్న సంచులు వచ్చి పొరలో కలిసిపోయి, లోపలున్న పెక్టిన్‌ని (గోడ కట్టే జిగురులాంటి పదార్థం) బయట గోడలోకి వదులుతాయి. కొత్త పెక్టిన్ మీద మిథైల్ అనే చిన్న రసాయన గుంపులుంటాయి కాబట్టి మెత్తన. తర్వాత ఒక ఎంజైమ్ వాటిని తీసేస్తే కాల్షియం వచ్చి పెక్టిన్ గొలుసుల్ని ఒకదానికొకటి కట్టేస్తుంది, గోడ బిగుస్తుంది.

జవాబు 2:
పైన చెప్పింది కరెక్టే. ఆ స్విచ్‌ని ఎప్పుడూ ఆన్‌లోనే ఉండేలా మారిస్తే కొస నిజంగానే బుడగలా ఉబ్బుతుంది, మీ సందేహానికి ఇంతకన్నా మంచి రుజువు ఏముంది! ఇంకో తమాషా, స్విచ్‌ని ఆపే ప్రోటీన్ కూడా ఆ సంచుల్లోనే వస్తుంది. అంటే స్రావం (సంచులు సరుకు వదలడం) ఎక్కువైతే దానికదే బ్రేక్ వేసుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
మరి అన్ని సంచులు కలిస్తే పొర మిగిలిపోదా?

జవాబు 1:
మిగులుతుంది. గోడకి కావలసిన సరుకు తెచ్చే సంచుల వల్ల పొర అవసరానికి మించి వచ్చి పడుతుంది, ఎక్కువైనదాన్ని కణం మళ్ళీ లోపలికి లాగేసుకుంటుంది.