నడిబొడ్డున ఉన్న పాత ప్రభుత్వ ఆవరణకు కొత్త వినియోగం: తెలిసినవారు అనుభవాలు చెప్పగలరు

గంటస్తంభం దరి

విజయనగరంలో కోట నుంచి గంటస్తంభం మీదుగా మూడు లాంతర్ల కూడలి వైపు నడిచేవారికి, ఒకప్పుడు కార్యాలయాలుగానో బడులుగానో ఆసుపత్రులుగానో నడిచి ఇప్పుడు సగం ఖాళీగా ఉన్న పాత ప్రభుత్వ ఆవరణలు కనిపిస్తూనే ఉంటాయి. కార్యాలయం ఊరి బయటి కొత్త భవనానికి తరలిపోగానే పాతదానికి తాళం పడుతుంది, గోడ సందులో రావి మొక్క మొలుస్తుంది, కొన్నేళ్లకు భవనం శిథిలమైందన్న నివేదిక వస్తుంది, ఆ తర్వాత అక్కడ వాణిజ్య సముదాయం కడితే బాగుంటుందన్న మాట మొదలవుతుంది. కింద దుకాణాలు, పైన కార్యాలయాలు లేదా వసతి, మధ్యలో జనం కూర్చునే ఖాళీ స్థలం ఉండేలా పాత కట్టడాన్ని నిలబెట్టి వాడుకోవడం సాధ్యమేనా అన్నది నా ప్రశ్న. 2020 మేలో మూడు లాంతర్ల స్తంభాన్ని తొలగించినప్పుడు ఊరంతా బాధపడింది కానీ, కూల్చిన తర్వాత బాధపడటం కంటే ముందుగా మాట్లాడుకోవడం మేలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. వేరే ఊళ్లలో ఇలాంటి పనులు దగ్గరగా చూసినవారు ఉంటే దయచేసి వివరంగా రాయగలరు.

విశ్రాంత పురపాలక ఇంజనీరు

సాధ్యమే. అయితే అందరూ నమూనా చిత్రం దగ్గర మొదలుపెడతారు, పని మాత్రం కాగితం దగ్గర ఆగుతుంది. "ప్రభుత్వ స్థలం" అని మనం ఒకే మాటతో అనేస్తాం గాని, అది పురపాలక సంఘానిదా, రెవెన్యూ శాఖదా, దేవాదాయ శాఖదా, విద్యాశాఖ పేరున ఉందా, ట్రస్టుదా అన్నది టౌన్ సర్వే రిజిస్టరు తిరగేస్తే తప్ప తేలదు. విజయనగరం సంస్థానం ఏలిన ఊరు కాబట్టి ఇక్కడ చిక్కు ఇంకొంచెం ఎక్కువ. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత ప్రభుత్వానికి వచ్చినవి కొన్ని, పాలకులు బడికనో ఆసుపత్రికనో దానంగా ఇచ్చినవి కొన్ని, ట్రస్టు చేతిలో ఉన్నవి కొన్ని. దానపత్రంలో ఫలానా పనికే వాడాలన్న షరతు ఉంటే, అక్కడ దుకాణాలు కట్టిన మరునాడే కోర్టు కేసు తప్పదు.

రెండో విషయం అమ్మకమా, లీజా అన్నది. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాను: ఊరి నడిమధ్యన ఉన్న నేలను ప్రభుత్వం అమ్ముకోకూడదు. ఆర్టీసీ స్థలాల్లో చేసినట్టు దీర్ఘకాలిక లీజుకిచ్చి, గడువు తీరాక కట్టడంతో సహా తిరిగి తీసుకునే పద్ధతి మనకు తెలిసినదే. అయితే ఆ లీజులో మరమ్మతు బాధ్యత ఎవరిది, ఏ గోడను ముట్టుకోకూడదు, మరమ్మతు చేయకపోతే ఏమవుతుంది అన్నవి రాయకపోతే గడువు తీరేనాటికి మనకు దక్కేది శిథిలమే.

అద్దె లెక్క కూడా ఒకసారి చూడండి. పురపాలక దుకాణాల లీజును మూడేళ్లకోసారి 33⅓ శాతం పెంచి పొడిగించడం మన రాష్ట్రంలో ఏళ్లుగా ఉన్న పద్ధతి. వినడానికి మామూలుగానే ఉంటుంది గాని, ఆ పెంపు ఎనిమిదిసార్లు జరిగితే, అంటే 24 ఏళ్లలో, 1,000 రూపాయల అద్దె దాదాపు 10,000 అవుతుంది. పచారీ కొట్టో, దర్జీ కొట్టో, పూజా సామాను కొట్టో ఆ వేగాన్ని అందుకోగలదా? అందుకోలేనివారు చేసే పని అందరికీ తెలుసు: లీజు తన పేరునే ఉంచి, ఎక్కువ అద్దెకు ఇంకొకరిని కూర్చోబెడతారు. పురపాలక రిజిస్టరులో ఒక పేరు, గల్లాపెట్టె దగ్గర ఇంకొక మనిషి. పునర్నిర్మాణం మొదలయ్యే రోజున పునరావాసం ఎవరికివ్వాలన్న తగాదా అంతా ఇక్కడి నుంచే పుడుతుంది.

మార్కెట్ దుకాణదారు

ఇంజనీరు గారు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవారి గురించి రాశారు కాబట్టి, కూర్చున్నవాడిగానే జవాబిస్తున్నాను. మా నాన్నగారి కాలం నుంచి పురపాలక దుకాణంలో వ్యాపారం చేస్తున్నాం. పాత భవనం నిలబెడతామంటే మాకు అభ్యంతరం లేదు, పైగా పాత మిద్దె కింద ఎండాకాలంలో చల్లగా ఉంటుంది. మా భయం తాత్కాలిక తరలింపు గురించి మాత్రమే. వేరే ఊళ్లో మా బంధువుల దుకాణాన్ని ఇలాగే కొద్ది నెలలకని ఊరి చివర రేకుల షెడ్డులోకి పంపారు. కొత్త భవనం లేచే సరికి వారి ఖాతాదారులు వేరే కొట్లకు అలవాటు పడిపోయారు, పైగా కొత్త గదికి గుడ్‌విల్ పేరుతో అడిగిన సొమ్ము వారు ఎన్నడూ చూసినది కాదు. తిరిగి రాలేదు.

కాబట్టి తరలింపు తప్పనిసరైతే అదే వీధిలో, నడిచి వచ్చేంత దూరంలో ఉండాలి. ఎవరికి ఎంత చదరపు విస్తీర్ణం, ఏ వైపు గుమ్మం, మొదటి అద్దె ఎంత అన్నది షట్టరు దించకముందే కాగితం మీద సంతకమై ఉండాలి. ఆవరణనంతా ఒకేసారి ఖాళీ చేయించకుండా సగం సగంగా పని చేస్తే ఖర్చు కొంత పెరుగుతుందేమో గాని మార్కెట్టు చావదు.

దుకాణం లేకుండా గోడ పక్కన బుట్ట పెట్టుకుని కూర్చునేవారి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆకుకూరలు, పూలు తెచ్చే ఆ ఆడవాళ్ల వల్లనే మా కొట్లకూ జనం వస్తారు.

న్యాయవాది, కంటోన్మెంట్

చివరి మాటకు చిన్న జోడింపు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందుగా సర్వే జరగాలి, అది పూర్తయ్యేదాకా ఎవరినీ లేపకూడదు, తరలింపు అన్నది చిట్టచివరి మార్గంగానే ఉండాలి. అంతకంటే ముఖ్యంగా, 50 ఏళ్లకు పైబడి వీధి వ్యాపారులు వ్యాపారం చేస్తున్న సహజ సంతను వారసత్వ సంతగా ప్రకటించాలని, అక్కడివారిని తరలించకూడదని ఆ చట్టపు రెండో షెడ్యూలు చెబుతుంది. వారసత్వమంటే రాయీ సున్నమే కాదని చట్టమే ఒప్పుకున్న అరుదైన చోటు అది. మన ఊళ్లో దాన్ని ఉదహరించి ఎవరైనా అర్జీ పెట్టారా అన్నది నేను వినలేదు.

సున్నం పని

పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి. పై చర్చంతా అవసరమే గాని, కట్టడం గురించి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో పాత భవనాలు పాడయ్యేది వయసు వల్ల కంటే తప్పుడు మరమ్మతు వల్లనే ఎక్కువ.

ఈ గోడలు ఇటుకను సున్నపు అడుసుతో పేర్చి కట్టినవి. గానుగలో నూరిన సున్నానికి కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి చేసిన పూత గోడలోని తేమను బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూత వేస్తే తేమ బయటికి దారి లేక లోపలే ఉండిపోయి, ఉప్పు పొంగి, ఇటుక లోపల నుంచి పొడిగా రాలుతుంది. పైకి గోడ నున్నగా కనిపిస్తుంటుంది, లోపల మాత్రం డొల్ల. కొన్నేళ్లకు పెద్ద పెచ్చు ఊడిపడగానే భవనం పనికిరాదని రాసేస్తారు. పైకప్పు సంగతి మరొకటి: దగ్గర దగ్గరగా వేసిన టేకు దూలాల మీద సన్నటి ఇటుకలను నిలువుగా, ఏటవాలుగా పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు వేసే మద్రాసు మిద్దెలు ఇవి. దూలం కొస గోడలో దూరే చోట వాన నీరు చేరితే అక్కడే కుళ్లుతుంది. ఆ కొసను మార్చి, ఇనుప పట్టీ వేసి నిలబెట్టవచ్చు. కప్పంతా దించి స్లాబు పోయనక్కరలేదు, పోస్తే ఆ బరువును కింది గోడ మోస్తుందో లేదో చూడాలి.

మిశ్రమ వినియోగం, అంటే దుకాణాలు, కార్యాలయాలు, వసతి ఒకేచోట అనగానే మూడు కొత్త భారాలు వస్తాయి: మరుగుదొడ్ల నీరు, ఏసీల విద్యుత్తు, జనం బరువు. వీటిని పాత గోడల్లోకి తొలిచి పెట్టకుండా ఆవరణ వెనుక భాగంలో వేరుగా కొత్త కట్టడం కట్టి అందులో పెట్టాలి. మెట్లు, లిఫ్టు, అగ్నిమాపక ఏర్పాట్లు కూడా అక్కడే. పాత భవనానికి తేలికైన పనులివ్వండి: పుస్తక దుకాణం, చేనేత కొట్టు, కాఫీ హోటల్, చిన్న సభాస్థలి. వంట పొయ్యిలుండే పెద్ద హోటలును మాత్రం టేకు దూలాల కింద పెట్టకండి. చెన్నైలో మూర్ మార్కెట్టు 1985లో అగ్నికి ఆహుతైంది, ఇప్పుడా స్థలంలో రైల్వే భవనం ఉంది.

అలాగని ప్రతిదీ నిలుస్తుందని కూడా అనను. మైసూరులో లాన్స్‌డౌన్ భవనం 2012లో కొంత భాగం కూలి నలుగురు చనిపోయారు, లోపల దుకాణాలు నడుస్తుండగానే. పాతదన్న గౌరవంతో పరీక్ష చేయకుండా వదిలేయడం కూడా నేరమే. సంతోషం కలిగించే ఉదాహరణ కావాలంటే హైదరాబాదులోని మొజంజాహీ మార్కెట్టు చూడండి. 1935 నాటి ఆ రాతి కట్టడాన్ని శుభ్రం చేసి, తర్వాత చేర్చిన రేకులూ బోర్డులూ తీసేసి 2020లో తిరిగి తెరిచారు, పాత ఐస్‌క్రీం కొట్లు అక్కడే ఉన్నాయి.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం

మా ఊరి నుంచి ఒక మాట. డచ్ భవనం పేరు శ్రీకాకుళంలో అందరికీ తెలుసు, లోపల అడుగుపెట్టినవారు మాత్రం తక్కువ. మా దగ్గర పాత కట్టడాలను తుపానులు కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు పెంకు కప్పులు ఎగిరిపోయాయి. వాడుకలో ఉన్న ఇళ్లకు వారంలో పెంకు వేసుకున్నారు, తాళం వేసిన భవనాలకు ఆ పని చేసేవారు లేక వానలు లోపలే కురిశాయి. ఎవరో ఒకరు రోజూ తలుపు తీసే ఏర్పాటు ఉంటే చాలు, అది కాఫీ హోటలైనా పరవాలేదు.

బోస్టన్‌లో విజయనగరం వాసి

నేనుంటున్న ఊళ్లో ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. 1826లో పూర్తయిన క్విన్సీ మార్కెట్టు పాడుబడి కూల్చివేతకు దగ్గరైన దశలో, నగరపాలక సంస్థ స్థలాన్ని అమ్మకుండా 99 ఏళ్ల లీజుకిచ్చి 1976లో తిరిగి తెరిపించింది. ఆ తర్వాత అమెరికాలో ఎన్నో ఊళ్లు దాన్ని అనుకరించాయి. భవనం బతికింది, ఊరి నడిమికి జనం తిరిగి వచ్చారు. అయితే అక్కడికి వెళితే నాకు కనిపించేది ఎక్కువగా పర్యాటకులే. జ్ఞాపికల కొట్లు, తినుబండారాలు తప్ప ఇంటికి కావలసిన కూరగాయలు కొనే చోటుగా అది మిగలలేదని స్థానికులు చెబుతుంటారు. విజయనగరానికి అంతమంది పర్యాటకులు రారు కాబట్టి, ఊరివాళ్లు రోజూ వచ్చే అవసరం లేకపోతే ఆ నమూనా ఇక్కడ రెండేళ్లు కూడా నడవదని నా అనుమానం.

అధ్యాపకురాలు

ఆ అనుమానానికి జవాబు పై అంతస్తులో ఉందనుకుంటున్నాను. పాత కట్టడాన్ని కొత్త పనికి వాడుకోవడం మన జిల్లాకు కొత్తేమీ కాదు. కోటలో కళాశాలలు నడుస్తున్నాయి, కోరుకొండ రాజభవనంలో 1960ల నుంచి సైనిక్ స్కూలు నడుస్తోంది. ఈ ఊరికి రోజూ వచ్చేది విద్యార్థులే. సంగీత కళాశాలకు వచ్చే పిల్లలు, చుట్టుపక్కల మండలాల నుంచి వచ్చి ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లలు సరైన గది దొరక్క ఎక్కడెక్కడో ఉంటున్నారు. పైన పని చేసే మహిళలకు వసతి గృహం, చదువుకునే గది, సాయంత్రం కచేరీకి పనికొచ్చే చిన్న వేదిక ఉంటే కింద కొట్లకు రాత్రి తొమ్మిదైనా జనం ఉంటారు. దుకాణాలు మూసేశాక నిర్మానుష్యమయ్యే సముదాయం మీదుగా నడవడానికి మేము భయపడతాము, దాన్ని నమూనా గీసేవారు ఎప్పుడూ లెక్కలోకి తీసుకోరు. శుభ్రంగా ఉండే మహిళల మరుగుదొడ్డి విషయం నేను విడిగా రాయనక్కరలేదనుకుంటాను.

విశ్రాంత పురపాలక ఇంజనీరు

అమ్మా, వసతి గృహం మంచి ఆలోచనే గాని అద్దె రాబడి దుకాణాల కంటే చాలా తక్కువ. లీజుదారు ఒప్పుకోడు. అందుకే టెండరు షరతుల్లోనే ఆ అంతస్తును కేటాయించాలి, తర్వాత అడిగితే రాదు.

హుకుంపేట

ఇంతమంది ఇన్ని రాశారు, సిరిమాను జాతర గురించి ఒక్కరూ రాయలేదు! దసరా తర్వాతి మంగళవారం సిరిమాను పైడితల్లి అమ్మవారి గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, జాలరి వల నడుస్తాయి. నిలువెత్తున లేచిన చింత మాను కొసన పూజారి గారు కూర్చుని ఉండగా కిందికి వంగే తీగ గాని, రోడ్డు మీదికి సాగిన బాల్కనీ గాని, ప్రకటన బోర్డు గాని ఉండకూడదు. ఆ రోజు ఈ వీధుల్లో లక్షల మంది నిలబడతారు, పాత ఆవరణల ప్రహరీ లోపలి ఖాళీ స్థలాలే తోపులాటలో ఊపిరాడక బయటపడ్డవారికి ఆసరా. ఆ ఖాళీని పార్కింగుకో ఫుడ్ కోర్టుకో నింపేసి, గేటు పెట్టి టికెట్టు పెడితే జాతర నాడు ఏం జరుగుతుందో ఊహించుకోండి. నమూనా గీసేవారు ఒక్కసారి జాతరకు వచ్చి నిలబడి చూడాలి.

సున్నం పని

హుకుంపేట వారు పార్కింగు ఎత్తారు కాబట్టి: సెల్లారు మాత్రం తవ్వవద్దు. సున్నపు అడుసు గోడల పునాదులు లోతుగా ఉండవు. పక్కనే తవ్వి, ఊట నీరు తోడుతుంటే పునాది కింద మట్టి సడలి గోడ పగులుతుంది. చెరువుల నడుమ ఉన్న ఊరు మనది, ఊట తప్పదు. బళ్లను ఆవరణకు కొంచెం దూరంలో నిలిపి నడిచి రావడమే మార్గం.

మార్కెట్ దుకాణదారు

సామాను బండి గుమ్మం దాకా రావాలి మరి. ఉదయం ఎనిమిది లోపు అనుమతించినా చాలు.

గంటస్తంభం దరి

అందరికీ ధన్యవాదాలు. నేను సమాచార హక్కు చట్టం కింద రెండు దరఖాస్తులు పెడుతున్నాను: ఒకటి టౌన్ సర్వే రిజిస్టరు, దానపత్రం ఏదైనా ఉంటే దాని నకలు కోసం, రెండోది ప్రస్తుత లీజుదారుల జాబితా, చివరిసారి అద్దె పెంచిన తేదీల కోసం. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. పాత దస్తావేజుల చేతిరాత, నాటి ఇంగ్లీషు చదవగలిగినవారు ఎవరైనా ఉంటే ఇక్కడే చెప్పగలరు.

విశ్రాంత పురపాలక ఇంజనీరు

నేను చదువుతాను. దరఖాస్తులో సర్వే నంబరుతో పాటు వార్డు, బ్లాకు నంబర్లు కూడా రాయండి, లేకపోతే రికార్డు దొరకలేదని తిప్పి పంపుతారు. లీజుదారుల జాబితాతో పాటు డిమాండు రిజిస్టరు నకలు కూడా అడగండి, అసలు అద్దె ఎవరు కడుతున్నారో అందులోనే తెలుస్తుంది.