కలర్ బ్లైండ్‌నెస్: పిల్లలకు వస్తుందా, మందుందా?

కావలి_కుర్రాడు: రైల్వే ఏఎల్‌పీ (అసిస్టెంట్ లోకో పైలట్, రైలు డ్రైవర్‌కు సహాయకుడు) రాతపరీక్ష పాసయ్యాను. మెడికల్‌లో చుక్కల పుస్తకం దగ్గర ఆపేశారు. 74 ఉన్నచోట నాకు 21 కనిపించింది. ఇంట్లో అక్క కూతుర్ని చేసుకోమంటున్నారు. పిల్లలకు వస్తుందా? అద్దాలతో నయమవుతుందా? ఒకటే టెన్షన్.

కందుకూరు_రైతు: మా తమ్ముడికీ ఇదే. పొగాకు గ్రేడింగ్‌కి కూర్చోబెడితే ఆకుపచ్చ జీర ఉన్న ఆకంతా మేలురకంలో కలిపేసేవాడు. వేలంలో బేళ్లకు రేటు తెగ్గోసేవాళ్లు. ఒళ్లు బద్ధకమని నాన్న వాణ్ణి నలుగురిలో తిట్టేవాడు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ఒంగోలు_మాధవి: మేనరికాలు చేసుకుంటే ఇట్టాంటివే వస్తాయి. వద్దు తమ్ముడూ.

జువాలజీ_మాస్టారు: ఏళ్ల తరబడి ఇంటర్ పిల్లలకు ఈ పాఠమే చెబుతున్నాను. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగవాడికి ఉండేది ఒక్క ఎక్స్, అదీ అమ్మ ఇచ్చిందే. మేనరికానికీ దీనికీ ముడిపెట్టకండి.

ఒంగోలు_మాధవి: అమ్మ కొడుక్కిచ్చింది కూతురికి ఇవ్వదా? ఆ అక్క కూతుర్నేగా ఇప్పుడు చేసుకునేది!

జువాలజీ_మాస్టారు: అక్కకు ఆ జన్యువు వచ్చి ఉండే అవకాశం సగం, ఆమె కూతురికి పావు. ఆ పిల్ల క్యారియర్ (చూపు మామూలుగానే ఉండి జన్యువును మాత్రం మోసే మనిషి) అయితేనే పుట్టే ప్రతి బిడ్డకూ, ఆడైనా మగైనా, సగం అవకాశం. క్యారియర్ కాని బయటి పిల్లను చేసుకుంటే కొడుకులకు రాదు. కూతుళ్లు క్యారియర్లవుతారు, చూపు మామూలే.

ఒంగోలు_మాధవి: నేనన్నదీ అదే కదండీ! ఆడపిల్లకు కూడా రావచ్చని మీరే ఒప్పుకున్నారు. పాఠాలు చెప్పినంత మాత్రాన ఎదుటివాళ్ల నోరు మూయిస్తారా?

జువాలజీ_మాస్టారు: ఈ అబ్బాయికి మేనరికం వల్ల వచ్చిందన్నట్టు రాశారు, దానికే అభ్యంతరం. వాళ్ల అమ్మానాన్నలది బయటి సంబంధమైనా వచ్చేదే.

నెల్లూరు_ఫ్లెక్సీ: అద్దాల కోసం చెన్నై దాకా వెళ్లొచ్చాను. కొన్ని రంగులు విడిగా కనిపించాయి గానీ డిజైన్ పనికి అక్కరకు రాలేదు. డబ్బు దండగ. 2009లో కోతుల మీద జన్యు చికిత్స ఫలించిందని అమెరికా శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మన రకానికి మనుషులకిచ్చే మందు ఇంకా రాలేదు.

బిట్రగుంట_లోకో: ఆ పుస్తకం బట్టీ పట్టి గట్టెక్కమని ఎవరూ సలహా ఇవ్వొద్దు, దండం పెడతాను. జోరువానలో, అర్ధరాత్రి సిగ్నల్ చూసి బండి లాగినవాణ్ణి. వెనకాల ఎంతమంది ప్రాణాలుంటాయో తెలుసా? రైల్వేలోనే సీ2 అనే మెడికల్ కేటగిరీ కింద వచ్చే క్లర్కు పోస్టులకు రంగుల పరీక్ష లేదు, వాటికి రాయి నాయనా.

గూడూరు_డ్రైవర్: కారు లైసెన్సుకు దిగులొద్దు. లోపం కొద్దిగానో మధ్యస్థంగానో ఉన్నవాళ్లకు ఇవ్వొచ్చని 2020 జూన్‌లో కేంద్రం రూల్ మార్చింది.

అద్దంకి_సునీత: మా నాన్నకు టీబీ మాత్రలు మొదలుపెట్టాక ఎరుపు వెలిసిపోయినట్టుందంటున్నాడు. ఇదీ వంశపారంపర్యమేనా?

జువాలజీ_మాస్టారు: కాదమ్మా. టీబీ మాత్రల్లో ఇథాంబుటాల్ అనేది కంటి నరాన్ని దెబ్బతీస్తే ముందు రంగులే తేడా కొడతాయి. ఇవాళే మందులిచ్చిన డాక్టర్‌కు చెప్పు, ఆ మాత్ర సంగతి ఆయన తేలుస్తారు. ఆలస్యం చేస్తే చూపుకే ముప్పు.

ఒంగోలు_మాధవి: మాస్టారి మాట విను సునీతా, రేపటిదాకా ఆగొద్దు.