చెరువు మట్టి తోలిన పొలంలో డిటెక్టరుకు దొరికిన పాత వస్తువులు: ఇవి ఏమిటి, వీటిని ఏం చేయాలి?

కందుకూరు రైతుబిడ్డ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది కందుకూరు ప్రాంతంలోని ఒక పల్లె. ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య కుమారుడు సెలవులకు వస్తూ, అక్కడ సరదాగా వాడుకునే మెటల్ డిటెక్టరును వెంట తెచ్చుకున్నాడు. అక్కడి పొలాలలో రోమన్ నాణేలు, పాత కోటు గుండీలు, బెల్టు బకిల్స్, తుపాకీ సీసపు గుళ్ళు దొరకడం మామూలేనని, పోయిన సుత్తి కోసం వెతికితే 1992లో హాక్స్‌న్ అనే ఊళ్ళో వేల సంఖ్యలో రోమన్ బంగారు, వెండి నాణేలు బయటపడ్డాయని చెప్పి, మన సొంత పొలంలోనూ ఒకసారి తిప్పి చూద్దామని పట్టుబట్టాడు. అది మెట్ట పొలం. వేసవిలో ఊరి చెరువు ఎండినప్పుడు పూడిక మట్టి తోలడం మా తాతగారి కాలం నుంచి ఉన్నదే. జానెడు లోతుకు మించి ఎక్కడా తవ్వలేదు.

దొరికినవి ఇవి: అర్ధచంద్రాకారంలో ఉన్న ఇనుప రేకులు కొన్ని, ఒక్కొక్కదానికి చిన్న చిన్న బెజ్జాలు ఉన్నాయి, పొడుగాటి టోపీలా ఉన్న ఇత్తడి గొట్టం ఒకటి, నాలుక ఊడిపోయిన చిన్న కంచు గంట, తెల్లటి పొర కట్టిన సీసపు బిళ్ళ, మూడు రాగి నాణేలు. నాణేలలో ఒకదాని మీద 1808 అని అంకెలు, పక్కన పారశీక లిపి ఉన్నాయి. ఇంకొకటి చిన్నది, మందంగా ఉంది, దాని మీద మోకరిల్లినట్టున్న బొమ్మ ఉంది కానీ స్పష్టంగా లేదు. మూడవది పూర్తిగా అరిగిపోయింది.

ఇవి ఏ కాలానివో, మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో సాధారణంగా ఇంకా ఎలాంటివి దొరుకుతాయో, వీటిని ఎవరికైనా అప్పగించవలసి ఉంటుందో తెలిసినవారు చెప్పగలరు.

పెన్నా ఒడ్డు మనిషి:

అయ్యా, ముందుగా నాణేలు కానివాటి సంగతి చెబుతాను, ఎందుకంటే మన ప్రాంతంలో డిటెక్టరు కూత పెట్టేది ఎక్కువగా వాటి దగ్గరే, జనం చెత్త అని పారేసేదీ వాటినే. అర్ధచంద్రాకారపు రేకులు ఎద్దుల నాడాలు. గుర్రానికి డెక్క ఒకటే కనుక దాని లాడం వంపు తిరిగిన ఒకే ముక్కగా ఉంటుంది. ఎద్దు డెక్క రెండుగా చీలి ఉంటుంది కాబట్టి కాలికి రెండు రేకులు కొడతారు. రేకులకున్న బెజ్జాలు మేకులవి. రహదారుల మీద బండ్లు నడిచినన్నాళ్ళూ ఇవి ఊడి పడుతూనే ఉన్నాయి కనుక కేవలం ఆకారం చూసి వీటి వయసు చెప్పడం కుదరదు. ఇత్తడి గొట్టం కొమ్ము కుప్పె అయివుండాలి. ఒంగోలు జాతి ఎద్దులను పండుగకు అలంకరించేటప్పుడు కొమ్ముల కొనలకు తొడిగేవి అవే. లోపల లక్క గానీ నల్లటి జిగురు గానీ అంటుకొని ఉంటే దాన్ని గీకి తీసివేయకండి. గంట కూడా బహుశా పశువు మెడలోదే.

ఇదే వరుసలో మన మెట్ట ఊళ్ళలో కనిపించేవి బండి ఇరుసు చివర దిగ్గొట్టే కడచీలలు, చక్రపు ఇనుప పట్టా ముక్కలు, అడకత్తెర సగాలు, సున్నపుకాయలు, కాలి అందెల ముక్కలు, మెట్టెలు, తాయెత్తు గొట్టాలు, దీపపు కుందెల అడుగుభాగాలు. రాజుల చరిత్రలో వీటికి చోటు లేకపోవచ్చు గానీ, ఏ ఊళ్ళో కంచరి పని ఎలా సాగిందో, ఏ దారిన బండ్లు నడిచాయో చెప్పగలిగే ఆధారాలలో ఇవి ముఖ్యమైనవని నా అభిప్రాయం.

సీసపు బిళ్ళ విషయంలో తొందరపడవద్దు. చెరువు మట్టిలో వచ్చింది కాబట్టి అది విసురు వల అంచుకు కట్టిన గుండు కావచ్చు. నడుమ బెజ్జం గానీ, తాడు ఒరుసుకున్న గాడి గానీ ఉంటే అదే. అవి లేకుండా చదునుగా ఉంటే మాత్రం నాణెమేమో చూడాలి, ఎందుకంటే శాతవాహనులు ఆంధ్ర ప్రాంతంలో సీసపు నాణేలు విరివిగా వేశారు. ఒకవైపు తొండం ఎత్తిన ఏనుగు, గుర్రం, సింహం లేదా విల్లులా వంగిన గీతలతో కొండ గుర్తు, రెండవవైపు నాలుగు వలయాలను కలిపిన ఉజ్జయిని చిహ్నం ఉంటాయి. కోరమాండల్ తీరంలో రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మతోనూ దొరికాయి. తెల్లటి పొర సీసం తుప్పు; అది విషపదార్థం కనుక ముట్టుకున్న తరువాత చేతులు కడుక్కోవాలి, పిల్లలకు ఇవ్వకూడదు.

మీరు చెరువు మట్టి అన్నారు. కొన్ని ఊళ్ళలో పాటిదిబ్బల మన్ను కూడా ఎరువుగా పొలాలకు తోలుతారు. పాటిదిబ్బ అంటే పాడుపడిన పాత ఊరే కాబట్టి, ఆ మట్టితోపాటు కుండపెంకులు, పూసలు, నాణేలు అసలు చోటు విడిచి మైళ్ళ దూరం పోతాయి. అందువల్ల మీ పొలంలో దొరికిన వస్తువు మీ పొలానిది కాదని, చెరువుదో, చెరువులోకి వాగు కోసుకొచ్చిన పైఊరిదో అని ముందే అనుకోవాలి.

నాణేలంటే ఇష్టం:

పైవారు చెప్పినది చక్కగా ఉంది. నాణేల వరకు నేను చెబుతాను.

1808 అంకెలున్నది ఈస్ట్ ఇండియా కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీ కోసం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో కొట్టించిన రాగి కాసు. 10 కాసుల నాణెం, 20 కాసుల నాణెం అని రెండు పరిమాణాలలో వచ్చింది, ఒక ముఖాన కంపెనీ చిహ్నం, రెండవ ముఖాన పారశీకంలో విలువ ఉంటాయి. మీ అన్నయ్యగారి అబ్బాయికి నచ్చే విషయం ఒకటి ఉంది: సరిగ్గా ఇవే నాణేలను టన్నుల కొద్దీ మోసుకొని మద్రాసుకు బయలుదేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరంలోని గుడ్విన్ ఇసుక తిన్నెల మీద మునిగిపోయింది, 1980లలో వాటిని పైకి తీశారు. అక్కడి సంతలలో ఈనాటికీ తక్కువ ధరకు దొరికే ఆ కాసు మన నేలలో దొరికితే, అది చేతులు మారి వాడకంలో అరిగిన నాణెమని అర్థం. నెల్లూరు సీమ 1801లో ఆర్కాటు నవాబు చేతి నుంచి కంపెనీ పాలనకు వచ్చింది కనుక, అంతకు ముందరివైన నవాబు వాలాజా రాగి నాణేలు కూడా అదే మట్టిలో కలిసి ఉండటం సహజం.

మందంగా ఉన్న చిన్న నాణెం విజయనగర కాలానిది కావచ్చు. మోకరిల్లిన బొమ్మ గరుడుడో హనుమంతుడో ఫోటో చూడనిదే చెప్పలేను. ఆ రాజులు నంది, ఏనుగు, వరాహం బొమ్మలతోనూ రాగి నాణేలు వేశారు, రెండవవైపు నాగరి లేదా కన్నడ లిపిలో రాజు పేరు ఉంటుంది. ఉదయగిరి దుర్గాన్ని 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలిచిన తరువాత ఈ సీమలో ఆ నాణేలు బాగా చెలామణి అయి ఉంటాయని ఊహించవచ్చు. బంగారు వరహా బరువు సుమారు 3.4 గ్రాములు, పణం దానిలో పదోవంతు మాత్రమే. అంత చిన్న బంగారు పలుకును మామూలు డిటెక్టరు పట్టుకోవడం కష్టం. పూర్తిగా అరిగిన మూడవదాన్ని చీకటి గదిలో పక్క నుంచి టార్చి వేసి చూడండి, 1835 నాటి పావు అణా అయితే లతల దండ నీడ కనిపిస్తుంది.

రోమన్ నాణేల కోసం ఇంగ్లండుదాకా పోనక్కరలేదు. 18వ శతాబ్దం చివరలో నెల్లూరు దగ్గర ఒక రైతు రాతి గుట్ట పక్కన దున్నుతూ ఉంటే నాగలికి ఇటుకల కట్టడం తగిలిందని, తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ముంతలో రోమన్ బంగారు నాణేలు కనిపించాయని, మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ 1787లో రాసిన లేఖ చెబుతోంది. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల బొమ్మలు, ఫాస్టీనా రాణి బొమ్మ వాటి మీద ఉన్నాయి. కొన్ని అప్పుడే టంకశాల నుంచి వచ్చినంత కొత్తగా ఉంటే, మరికొన్నింటికి నగలుగా వేసుకున్నట్టు బెజ్జాలు ఉన్నాయి. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు, చాలావరకు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కుటుంబానికి చెందిన అమీరుల్ ఉమరా ముప్పైకి పైగా సేకరించగలిగాడు. మొత్తం ఎన్ని ఉండేవో, ఆ గుడి ఏ దేవుడిదో ఇక ఎవరూ తేల్చలేరు.

రిటైరైన రెవెన్యూ ఉద్యోగి:

అసలైన ప్రశ్న చివర్లో ఉంది కనుక దానికి సమాధానం ఇస్తున్నాను. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. మట్టిలో దాగి ఉన్న, విలువగల ఏ వస్తువైనా ఆ చట్టం దృష్టిలో నిధే. దాని విలువ పది రూపాయలు దాటితే, దొరికినవారు ఏమి దొరికింది, సుమారు విలువ ఎంత, ఎక్కడ, ఏ తేదీన దొరికింది అన్న వివరాలతో జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేసి, వస్తువును దగ్గరి ప్రభుత్వ ఖజానాలో జమ చేయాలి లేదా అడిగినప్పుడు హాజరుపరుస్తానని పూచీ ఇవ్వాలి. ఆ పది రూపాయల హద్దు 1878లో పెట్టినది, దాన్ని ఎవరూ పెంచలేదు; ఇవాళ హోటల్లో ఒక టీకి అయ్యే ఖర్చు అది. కాబట్టి నా నాణెం చిన్నది, నాకు వర్తించదు అని వాదించే వీలు దాదాపు లేదు.

తెలియజేస్తే అంతా పోతుందన్న భయం మాత్రం అనవసరం. కలెక్టరు ప్రకటన ఇచ్చి, నాలుగు నెలలకు తక్కువ కాకుండా, ఆరు నెలలకు మించకుండా ఒక తేదీ పెట్టి హక్కుదారులను పిలుస్తారు. ఎవరూ రుజువు చేసుకోలేకపోతే అది యజమాని లేని నిధి అవుతుంది. వేరే ఒప్పందం లేనప్పుడు కనుగొన్నవారికి మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు. ప్రభుత్వం తానే తీసుకోదలిస్తే లోహపు విలువ కట్టి, దానిపై ఐదో వంతు కలిపి చెల్లిస్తుంది. నాణెపు అరుదుతనానికి విలువ కట్టకపోవడం ఈ చట్టంలోని లోపమని నేను ఉద్యోగంలో ఉండగానే అనేవాడిని. తెలియజేయకుండా దాచుకుంటే వాటా పోవడమే కాదు, ఏడాది వరకు జైలు, జరిమానా ఉన్నాయి. యజమాని తెలిసి సహకరించినా శిక్ష ఉంది.

గుళ్ళు, కోటలు, పాటిదిబ్బలు, రాక్షసగుళ్ళని పిలిచే ప్రాచీన సమాధుల దగ్గరికి ఆ యంత్రంతో అసలు వెళ్ళవద్దు. రక్షిత ప్రదేశంలో అనుమతి లేకుండా తవ్వడం వేరే నేరం. పైగా గుప్తనిధుల కోసం పాడుబడ్డ గుళ్ళు తవ్వే ముఠాల చేతుల్లోనూ ఇదే యంత్రం ఉంటుంది కాబట్టి, సాయంత్రం పూట అక్కడ మిమ్మల్ని చూసిన గ్రామస్థులు పోలీసులకు చెబితే తప్పు వారిది కాదు.

కందుకూరు రైతుబిడ్డ:

అందరికీ కృతజ్ఞతలు. సీసపు బిళ్ళకు బెజ్జం లేదు, ఏనుగు తొండం వంటి గీత ఒకటి కనిపిస్తోంది. మరో రెండు సందేహాలు. మా అబ్బాయి 1808 కాసును జ్ఞాపకంగా ఇంగ్లండుకు తీసుకుపోవచ్చా? రెండవది, ఊళ్ళో ఒకాయన ఆ గంటను చూసి ఇది బియ్యాన్ని లాగే లోహమని, కొనేవాళ్ళు ఉన్నారని అంటున్నాడు.

పెన్నా ఒడ్డు మనిషి:

తీసుకుపోకూడదు. నూరేళ్ళు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ళ వరకు శిక్ష ఉంది. అక్కడి సంతలో అదే కాసు కొనుక్కోమనండి.

రైస్ పుల్లింగ్ పేరుతో వచ్చేవాడిని గడప తొక్కనివ్వకండి. పిడుగు పడిన రాగి, ఇరిడియం, కోట్ల ధర అని చెప్పి చివరికి పరీక్షల ఖర్చులంటూ మీ డబ్బే గుంజుకొనే మోసం అది, మన రాష్ట్రంలో ఎన్నో కేసులు నడిచాయి. రాముడి పట్టాభిషేకం, హనుమంతుడు బొమ్మలతో 1818 అని ఉండే ఈస్ట్ ఇండియా కంపెనీ అణాల సంగతీ అంతే. కంపెనీ అలాంటి నాణేలు ఎన్నడూ వేయలేదు, అవి తరువాతి కాలంలో భక్తుల కోసం చేసి అమ్మిన బిళ్ళలు.

ఇక మిగిలింది వస్తువుల సంరక్షణ. చింతపండు, నిమ్మరసం, ఇసుక, గిన్నెలు తోమే పొడి ఏవీ తగలనివ్వకండి. రాగి మీది పచ్చటి గట్టి పొరలోనే అక్షరాల అంచులు నిలిచి ఉంటాయి, అది పోతే నాణెం నున్నని రేకు. డిస్టిల్డ్ వాటర్లో నానబెట్టి మెత్తటి బ్రష్షుతో మట్టి వదిలిస్తే చాలు. లేత పచ్చని పొడి రాలుతున్న నాణేన్ని మిగతావాటితో కలపకుండా పొడిగా ఉంచండి. సీసాన్ని చెక్క పెట్టెలో, అట్ట డబ్బాలో పెడితే వాటి ఆవిరికే చెడిపోతుంది, ప్లాస్టిక్ సంచి మేలు.

ఏనుగు గీత కనిపిస్తోందన్నారు కాబట్టి ఆ బిళ్ళను ఇంకేమీ చేయవద్దు. ముందు వెనుకలు స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి, గ్రాములలో బరువు తూచి, పొలం సర్వే నంబరుతోపాటు మట్టి తోలిన చెరువు పేరు, వీలైతే చెరువులో ఏ వైపు నుంచి ఎత్తారో కూడా కలెక్టరుకు ఇచ్చే కాగితంలో రాయండి, దాని నకలు ఒకటి రాష్ట్ర పురావస్తు శాఖకు పంపండి. ట్రాక్టరు తోలినవారిని అడిగితే చెరువులోని ఆ చోటు చెప్పగలరు. ఈ వేసవిలో మళ్ళీ పూడిక తీసేలోపు ఆ వివరం అందితే, పురావస్తు శాఖవారు వచ్చి చూడటానికి అక్కడ ఏదో ఒకటి మిగిలి ఉంటుంది.