పెద్ద సంచితో రోమ్‌లో ఒక్క పగలు: ఏది ముందు చూడాలి?

వచ్చే నెల రోమ్‌లో నాకు ఒక్క పగలే దొరుకుతుంది. ఉదయం రైలు దిగి రాత్రి రైలుకే బయలుదేరుతాను కనుక బస అంటూ ఉండదు. నా వీపు సంచి చూస్తే చిన్న మూటేమీ కాదు, కొలోసియంలోకి పెద్ద సంచులను అనుమతించరు. రోమ్ ప్రధాన రైల్వే స్టేషనైన టెర్మినీలోనే సామాను అప్పగించడం మేలా, లేక కొలోసియం దగ్గరలో నమ్మదగిన చోటేదైనా ఉందా?

కొలోసియం, రోమన్ ఫోరం (పురాతన నగర కూడలి శిథిలాలు), దాని పక్కనే ఉన్న పాలటైన్ కొండ మూడింటికీ ఒకే టికెట్టు సరిపోతుంది గాని, ఫోరంలోని ఎగుడుదిగుడు రాళ్ల బాటపై తొందరపడి నడవలేను. పురాతన రోమన్ ఆలయమైన పాంథియన్ గోపురం నడినెత్తిన సుమారు 9 మీటర్ల వెడల్పున్న రంధ్రం గుండా లోపలికి దిగే వెలుగును మధ్యాహ్నం వేళ తీరిగ్గా నిలబడి చూడాలన్నది నా అసలు కోరిక. ఉదయమే కొలోసియం ముగించి ఆ వేళకు అక్కడికి చేరుకోగలనా, లేక ఫోరంను వదులుకోవాలా? వెళ్లివచ్చినవారు దయచేసి తెలియజేయగలరు.