విండోస్ 10 నుంచి లినక్స్‌కి మారాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నా లాప్‌టాప్‌లో విండోస్ 10 ఉంది. దీనికి 11 ఎక్కదట. కొత్తది కొనే ఉద్దేశం లేదు, లినక్స్ మింట్ (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేద్దామనుకుంటున్నాను. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు బోలెడు, పాస్‌వర్డ్‌లన్నీ క్రోమ్‌లోనే. ఈ ఆదివారం మొత్తం తుడిచేసి ఎక్కించేయొచ్చా?

జవాబు:
అంత తొందర వద్దండీ. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కాబట్టి మారాల్సిందే. కాకపోతే ముందు ప్రోగ్రాములు మార్చండి, ఆపరేటింగ్ సిస్టమ్ చివర్లో. లిబ్రేఆఫీస్ (వర్డ్, ఎక్సెల్ బదులు), ఫైర్‌ఫాక్స్ (క్రోమ్ బదులు), థండర్‌బర్డ్ (ఈమెయిల్‌కి) విండోస్‌లోనూ నడుస్తాయి. ఇప్పుడే వేసుకుని రోజువారీ పనంతా వాటిలోనే చేయండి. ఎక్కడ ఇరుక్కుంటారో పాతది చేతిలో ఉండగానే తెలుస్తుంది. అన్నీ ఒకేసారి మారిస్తే తేడా లిబ్రేఆఫీస్‌దో లినక్స్‌దో కూడా తేలదు.

లినక్స్‌లో వర్డ్ ఫైల్ తెరిచినప్పుడు లైన్లు జరిగిపోతే కంగారు పడకండి, చాలాసార్లు అది ఫాంట్ గొడవే. కాలిబ్రి, కేంబ్రియా మైక్రోసాఫ్ట్‌వి, లినక్స్‌తో రావు. వాటి బదులు కార్లిటో, కలాడియా ఉన్నాయో లేదో చూసుకోండి. అక్షరాల వెడల్పు ఒకటే కాబట్టి పేజీలు చాలావరకు చెదరవు. ఎక్సెల్‌లో మామూలు ఫార్ములాలతో ఇబ్బంది ఉండదు. మాక్రోలు (ఫైల్‌లో పనులు వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాములు) ఉంటే మాత్రం ఒక్కొక్కటీ నడిపి చూడాల్సిందే, కొన్ని మొరాయిస్తాయి.

పాస్‌వర్డ్‌లు క్రోమ్ నుంచి సీఎస్‌వీ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి కీపాస్‌ఎక్స్‌సీ అనే పాస్‌వర్డ్ మేనేజర్‌లోకి తెచ్చుకోవచ్చు. ఆ సీఎస్‌వీలో అన్నీ తాళం లేకుండా బాహాటంగా ఉంటాయి. పని కాగానే డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.

ఇంకొకరు:
పైన చెప్పింది సరైన వరసే. ఇన్‌స్టాల్ చేసే ముందు మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, సౌండ్, ప్రింటర్ చూసుకోండి. ముఖ్యంగా మూత వేసి తీస్తే మళ్లీ లేస్తుందో లేదో! పెన్‌డ్రైవ్ మీద నెమ్మదిగానే ఉంటుంది, అది చూసి లినక్స్ స్లో అనుకోవద్దు. ఫోటోషాప్ మీద బతుకుతున్నవాళ్లకి మాత్రం గింప్ అనే ఉచిత ఫోటో ఎడిటర్‌తో సరిపెట్టుకోమని నేను చెప్పను.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. మాక్రోలున్న ఎక్సెల్ ఫైల్ ఒకటి ఉంది, అది వదల్లేను. డ్యూయల్ బూట్ (విండోస్, లినక్స్ రెండూ ఉంచుకోవడం) చేస్తే? అలాగే వాట్సాప్ బదులు సిగ్నల్‌కి కూడా వెళ్లిపోదామా?

జవాబు:
డ్యూయల్ బూట్ చేయొచ్చు. ముందు ఫైళ్లన్నీ బయటి డ్రైవ్‌లోకి కాపీ చేయండి. బిట్‌లాకర్ (డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే రికవరీ కీ వేరేచోట రాసి పెట్టుకోండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. లేకపోతే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా మూసుకోదు, లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో రాస్తే ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. తర్వాత ఆ విండోస్‌ని నెట్‌కి కలపకుండా ఆ ఒక్క ఫైల్‌కే వాడుకోండి.

సిగ్నల్ పెట్టుకోవడం ఐదు నిమిషాల పని, మనవాళ్లని అందులోకి తేవడమే కష్టం. రోజూ మాట్లాడే ఇద్దరు ముగ్గురితో మొదలుపెట్టండి, వాట్సాప్ అప్పుడే తీసేయకండి.