మన ఎంపీ ఏ బిల్లుకు ఎలా ఓటేశారో ఎక్కడ తెలుస్తుంది?

కొత్త ఓటరు:
మా ఎంపీగారు ఎప్పుడొచ్చినా "నాకు పార్టీ కంటే ప్రజలే ముఖ్యం" అంటారు. నిజమో కాదో చూద్దామని రెండు రోజులుగా వెతుకుతున్నా. హాజరు శాతం దొరికింది, ఎన్ని ప్రశ్నలు అడిగారో దొరికింది, ఫలానా బిల్లుకు అవునన్నారా కాదన్నారా అన్నది మాత్రం ఎక్కడా లేదు. అమెరికాలో 2017లో సెనేటర్ మెకెయిన్ సొంత పార్టీ తెచ్చిన ఆరోగ్య బిల్లుకు బొటనవేలు కిందికి చూపించి ఓటేస్తే అది 49-51తో వీగిపోయింది, లోకమంతా చూసింది. మనకెందుకు లేదు?

నల్లకోటు:
మీరు వెతకడంలో తప్పేం లేదండీ. మన దగ్గర చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే పాసవుతాయి. అనుకూలురు "అవును" అంటారు, వ్యతిరేకులు "కాదు" అంటారు, ఎటు ఎక్కువమంది ఉన్నారో స్పీకర్ విని చెప్పేస్తారు, పేర్లేవీ ఎక్కవు. ఎవరైనా సభ్యుడు డివిజన్ (ఓట్లు లెక్కపెట్టడం) కావాలని పట్టుబడితేనే ఎవరు ఎటు ఓటేశారన్నది సభా కార్యకలాపాల్లో అచ్చవుతుంది. రాజ్యాంగ సవరణ బిల్లులకైతే డివిజన్ ఉంటుంది, ముందు అవి చూడండి.

కానీ పేర్లు దొరికినా మీకు తెలిసేది పార్టీ నిర్ణయమే. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూల్, అంటే పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. విప్‌ను, అంటే ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని కాదని ఓటేసినా, ఓటింగ్‌కు రాకుండా ఇంట్లో కూర్చున్నా, పార్టీ 15 రోజుల్లో క్షమించకపోతే అనర్హత వేటు పడొచ్చు. విశ్వాస పరీక్షకైనా మామూలు బిల్లుకైనా ఇదే రూలు. విప్ కత్తి విశ్వాస, అవిశ్వాస తీర్మానాల వరకే ఉంటే చాలని ఎన్నికల సంస్కరణలపై వేసిన దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే చెప్పింది, ఎవరూ పట్టించుకోలేదు.

గోదారి గట్టు:
మన రాష్ట్ర విభజన సంగతే తీసుకోండి. 2014 జనవరి 30న ఉమ్మడి అసెంబ్లీ బిల్లును తిరస్కరించింది, మూజువాణితో. ఫిబ్రవరి 18న లోక్‌సభ ఆమోదించింది, అదీ మూజువాణితోనే, పైగా ఆ రోజు టీవీలో ప్రత్యక్ష ప్రసారం కూడా ఆగిపోయింది. విభజన కావాలన్నవాళ్ళకైనా వద్దన్నవాళ్ళకైనా, తన సభ్యుడు ఆ రోజు ఎటు నిలబడ్డాడో చూపించే కాగితం లేదు. ఇంత పెద్ద నిర్ణయానికి కూడా లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

పాత కాపు:
విప్ మొత్తం తీసేయమంటే మాత్రం నేను ఒప్పుకోను. 1967లో హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే ఒకే రోజు పార్టీల మధ్య అటూ ఇటూ దూకాడు, ఆ కాలం చూసినవాళ్ళకు ఈ చట్టం ఎందుకొచ్చిందో తెలుసు. మనస్సాక్షితో ఓటేసేవాడికి తలుపు తీస్తే అమ్ముడుపోయేవాడు కూడా అందులోంచే వస్తాడు. ప్రభుత్వం నిలబడే ఓటుకు విప్ ఉండాలి, మిగతా బిల్లులకు వదిలేయాలి, ప్రతి బిల్లుకూ డివిజన్ తప్పనిసరి చేయాలి. పేరు బయటపడుతుందంటే అమ్ముడుపోవడానికి కాస్తయినా భయం ఉంటుంది.

నల్లకోటు:
పాత కాపు గారితో ఏకీభవిస్తాను. కొత్త ఓటరు గారూ, ఒక్కటి చేయండి. బిల్లులను పరిశీలించే పార్లమెంటు స్టాండింగ్ కమిటీల్లో విప్ ఉండదు. మీ ఎంపీ ఏ కమిటీలో ఉన్నారో చూసి ఆ నివేదికల చివరి పేజీలు తిరగేయండి, అసమ్మతి పత్రం ఇచ్చి ఉంటే అక్కడ ఆయన పేరుతోనే ఉంటుంది.

కొత్త ఓటరు:
కమిటీ పేరు దొరికిందండీ. ఈ రాత్రికి నివేదికలు చదువుతా. ఈసారి ఆయన ఊరికొస్తే ఒక్కసారైనా డివిజన్ అడిగారా అని నేరుగా అడుగుతాను.